కరాటే తరగతిలో పిల్లల చేతికి చీపురు: క్రమశిక్షణా, వెట్టిచాకిరీనా?

పానగల్లు నాన్న:

మా అమ్మాయికి పదకొండేళ్లు. నల్లగొండలో ఒక కరాటే తరగతికి రెండేళ్లుగా వెళ్తోంది. మాస్టారి పేరు, తరగతి జరిగే చోటు ఇక్కడ రాయను. మనిషిని బజారుకు ఈడ్చాలని నాకు లేదు. గత ఆదివారం తెల్లవారుజామున పిల్లను బండి మీద దింపి వచ్చేశాను. నీళ్ల సీసా బండికే తగిలించి ఉండిపోయిందని దారిలో చూసి వెనక్కి వెళ్లాను. తరగతి ఇంకా మొదలుకాలేదు. మా అమ్మాయి తెల్లటి కరాటే దుస్తుల్లో ఒక మూల నుంచి హాలంతా ఊడ్చుకుంటూ వస్తోంది. ఇంకో అబ్బాయి తడిగుడ్డ పిండుతున్నాడు.

మా తాత నిజాం రోజుల్లో దొర గడి వాకిలి ఊడ్చి కల్లాపి చల్లినవాడు. కోడి కూయకముందే వెళ్లాలి, కూలి అడగకూడదు. ఆ సంగతులు మా నాన్న ఇప్పటికీ చెబుతాడు. అందుకే పిల్ల చేతిలో చీపురు చూడగానే గడపలోనే నిలబడిపోయాను. సీసా ఇచ్చి, ఏమీ అడగకుండా వచ్చేశాను. ఇంట్లో చెబితే మా అన్న ఒకటే మాట అన్నాడు: "నెలనెలా ఫీజు కట్టి పిల్లతో ఊడిపిస్తున్నావా?"

ఇంకో సంగతి కూడా ఉంది. రెండేళ్లయినా అమ్మాయి నారింజ బెల్టు దాటలేదు. మా వీధిలోని అబ్బాయి వేరే చోట ఏడాదిన్నరలో నల్ల బెల్టుకు ముందుండే గోధుమ బెల్టుకు చేరాడు, వాళ్ల గోడ నిండా పతకాలే. పిల్లకు మాత్రం ఈ మాస్టారంటే ప్రాణం. ఉంచాలా, మార్చాలా? తెలిసినవారు చెప్పండి.

గోధుమ బెల్టు, సూర్యాపేట:

అన్నా, మార్చకండి. నేను తొమ్మిదేళ్లుగా నేర్చుకుంటున్నాను, ఇప్పటికీ గోధుమ బెల్టులోనే ఉన్నాను. అందుకు నాకు చిన్నతనం లేదు.

కరాటే వట్టి కాళ్లతో నేర్చుకునే విద్య. నేల మీద చిన్న గాజుపెంకు ఉన్నా ఎవరి పాదమో తెగుతుంది. ఆ పాదం నాది కాకపోయినా నేను చూసుకోవాలి అనే బుద్ధి ఊడ్చినప్పుడే అలవాటవుతుంది, ఉపన్యాసంతో రాదు. జపాన్‌లో బడిపిల్లలు తమ తరగతి గదులను తామే శుభ్రం చేసుకుంటారు. అక్కడ అది శిక్ష కాదు, రోజువారీ పని.

గిచిన్ ఫునాకోషి సంగతి చెబుతాను. 1922లో కరాటే పుట్టిన ఒకినావా దీవి నుంచి టోక్యో వెళ్లి అక్కడివాళ్లకు కరాటేను ప్రదర్శించి చూపించింది ఆయనే. వృత్తికి బడిపంతులు. అప్పటికే యాభై దాటాయి. ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో ఒక చిన్న గదిలో ఉంటూ, అక్కడే కాపలా కాశారు, తోట చూశారు, గదులు ఊడ్చారు. ఆ రోజుల గురించి తన ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నారు. అంతటి గురువు పట్టిన చీపురు మన పిల్లలు పడితే తప్పేమిటి?

బెల్టుల గురించి: ఒకినావా పాత గురువుల దగ్గర ఈ రంగు బెల్టులే లేవు. దాన్ అనే అంచెల పద్ధతిని యుద్ధవిద్యల్లోకి తెచ్చింది జూడో స్థాపకుడు జిగొరో కానో. దాన్ని తీసుకుని ఫునాకోషి 1924లో తన శిష్యులకు మొదటిసారి దాన్‌లు ఇచ్చారు. మొదటి దాన్‌ను షోదాన్ అంటారు. షో అంటే ఆరంభం. నల్ల బెల్టు వచ్చిందంటే అక్షరాలు వచ్చాయని అర్థం, చదువంతా ఇంకా ముందే ఉంటుంది. ఏడాదిన్నరలో గోధుమ బెల్టు ఇచ్చే చోట ఏం నేర్పుతున్నారో నాకు అనుమానమే.

దేవరకొండ అక్క:

తమ్ముడూ, నువ్వు చెప్పిన ఉదాహరణే నీకు ఎదురు తిరుగుతుంది. ఫునాకోషి ఊడ్చింది తన పొట్ట కోసం, తన చేతులతో. ఇంకొకరి పిల్లల చేతికి చీపురు ఇచ్చి నేను గురువును అనలేదు ఆయన.

జపాన్ మాట వదిలేద్దాం. మన జిల్లాలో చీపురుకు ఒక చరిత్ర ఉంది. 1946 నుంచి 1951 దాకా ఇక్కడ తుపాకులు పట్టి పోరాడింది దేనికి? భూమి కోసం ఎంతో, వెట్టి పోవాలని కూడా అంతే. ఎవరు ఊడ్వాలో పుట్టుకే నిర్ణయించిన ఊళ్లు మనవి. అలాంటి చోట "అందరూ సమానంగా ఊడుస్తారు" అని ఒక మాట అనేస్తే సరిపోదు, కళ్లతో చూడాలి.

నేను చూశాను కాబట్టి అంటున్నాను. చిన్నప్పుడు మా బడిలోనూ పిల్లలే ఊడ్చేవాళ్లు, జాబితా కూడా గోడకు ఉండేది. కానీ అయ్యవారు తల తిప్పి పిలిచే పేర్లు ఎప్పుడూ తండా పిల్లలవి, వాడ పిల్లలవి. మిగతావాళ్లకు ఆ పొద్దు ఏదో ఒక పని తగిలేది. నేను ఐదేళ్లు ఊడ్చాను. దానివల్ల నాకు వినయం అలవడలేదు. అయ్యవారు నా వైపు చూస్తే చాలు, తల దించుకోవడం అలవాటైంది. దాన్ని వదిలించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

పానగల్లు అన్నా, మీరు ఒక పని చేయండి. మాస్టారిని సిద్ధాంతం అడగవద్దు. నెల రోజుల్లో ఎవరెవరు, ఎన్నెన్నిసార్లు ఊడ్చారో మీ అమ్మాయిని అడిగి రాయించండి. ఆడపిల్లలు ఎందరు, మగపిల్లలు ఎందరు. ఫీజు కట్టేవాళ్లు ఎందరు, కట్టలేనివాళ్లు ఎందరు.

మిర్యాలగూడ:

బెల్టుల గురించి మాత్రం చెబుతాను. మా అబ్బాయికి పన్నెండేళ్లకే నల్ల బెల్టు వచ్చింది. మూడు నెలలకోసారి పరీక్ష, ప్రతి పరీక్షకు ఫీజు. ఆగస్టు 15న మైదానంలో పెంకులు పగలగొట్టాడు, అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ మరుసటి నెలలో బడిలో చిన్న మాట పట్టింపుకు తోటి పిల్లవాడి ముక్కు మీద కొట్టాడు. ముందు చేయి ఎత్తింది మావాడే. కరాటేలో మొదటి దెబ్బ లేదు అని ఫునాకోషి సూత్రం ఒకటి ఉందట. నాలుగేళ్లలో ఆ మాట ఒక్కసారి కూడా తాను వినలేదని మావాడు చెప్పాడు. ఆ పిల్లవాడి తల్లి ముందు నేను నిలబడిన రోజు మరిచిపోలేను. నారింజ బెల్టులో రెండేళ్లు ఉంచిన మాస్టారిని చూస్తే నాకు గౌరవమే కలుగుతోంది.

పానగల్లు నాన్న:

దేవరకొండ అక్కా, మీరు చెప్పినట్టే అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. ఆమె చెప్పినదాన్ని బట్టి వంతుల పట్టిక గోడకే ఉంది. ఆడా మగా తేడా లేదు. మరుగుదొడ్డి కడిగే వంతు పెద్ద బెల్టులవాళ్లది, తెల్ల బెల్టువాళ్లకు ఆ పని లేదు. సోమవారం వంతు మాస్టారిదే, ఆయనే ఊడుస్తారు. ఇది విని నా మనసు తేలికపడింది.

అయితే చివరలో ఇంకో మాట చెప్పింది. ఇద్దరు అన్నదమ్ములు ఫీజు లేకుండా నేర్చుకుంటున్నారు. వాళ్ల నాన్న బొంబాయి వలస వెళ్లాడు, తల్లి కూలికి వెళ్తుంది. వంతు ఎవరిదైనా ఆ ఇద్దరూ రోజూ అరగంట ముందే వచ్చి చీపురు అందుకుంటారట. "ఎందుకు వాళ్లే?" అని అడిగాను. "వాళ్లు మంచివాళ్లు నాన్నా" అంది.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. మాస్టారు వాళ్లకు ఆ పని చెప్పలేదు. కానీ వద్దనీ అనలేదు.

మర్రిగూడ వ్యాయామ ఉపాధ్యాయుడు:

మాస్టారు చెడ్డవారని నేను అనుకోవడం లేదు. కానీ ఆ ఇద్దరు పిల్లలు ఫీజు కడుతున్నారు, చీపురుతో కడుతున్నారు. ఎవరూ అడగకుండానే కడుతున్నారు కాబట్టి ఇంకా బాధ. పేదింటి పిల్లలకు రుణం లెక్క చాలా చిన్న వయసులోనే తెలిసిపోతుంది. ఉచితం అని చెప్పినవాడే దాన్ని నిజంగా ఉచితంగా ఉంచే బాధ్యత కూడా తీసుకోవాలి.

ఇరవై ఏళ్లుగా ప్రభుత్వ బడుల్లో ఆటలు నేర్పుతున్నాను. ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ అని సమగ్ర శిక్ష పథకం కింద మూడు నెలలు ఇస్తారు. దానికి వచ్చిన శిక్షకులను చాలామందిని చూశాను. బెల్టు చూసి మనిషిని అంచనా వేయడం ఎప్పుడో మానేశాను. నేను చూసేది వేరు. తలుపులు తీసి ఉంచి నేర్పుతున్నాడా, తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినా కూర్చోనిస్తాడా? ఆడపిల్ల చేయి సరిచేయాల్సి వస్తే ముందు చెప్పి ముట్టుకుంటున్నాడా, లేక కర్రతో చూపిస్తున్నాడా? దెబ్బ తగిలిన పిల్లను "ఏం కాదు, లే" అంటున్నాడా, ఆపి చూస్తున్నాడా?

ఒక శిక్షకుడిని మాత్రం మరవలేను. మా వైపు ఎముకలను వంకర తిప్పిన ఫ్లోరైడ్ నీళ్ల చరిత్ర మీకు తెలిసిందే. ఆయన మొదటి రోజు ఒక్క పంచ్ కూడా నేర్పలేదు. పిల్లలందరినీ వరుసగా నడిపించి మోకాళ్లు చూశాడు. కాళ్లు కాస్త వంకర తిరిగిన ఇద్దరిని కిబా దాచి, అంటే గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచే భంగిమలో లోతుగా కూర్చోవద్దన్నాడు, వాళ్లకు నిలబడి చేసే చేతి పద్ధతులు ఎక్కువ ఇచ్చాడు. వాళ్లు తక్కువవాళ్లమని అనుకోకుండా ఆ పద్ధతులనే మొత్తం తరగతికి ముందుగా నేర్పాడు. ఆయన నడుముకు ఉన్న బెల్టు రంగు నాకిప్పుడు గుర్తులేదు.

పాలమూరు అబ్బా:

మా తరగతిలో వచ్చిన గొడవ వంగి నమస్కరించడం మీద. మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకు దగ్గరగా వంచే వందనం ఒకటి ఉంది. గోడ మీద గురువు ఫొటో, ఎదురుగా పిల్లలు వంగుతారు. మా ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని సజ్దాలా ఉందని అన్నారు. సజ్దా అల్లాకు తప్ప ఎవరికీ చేయం. పిల్లవాడిని మాన్పించేద్దామన్నారు.

నేను వెళ్లి మాస్టారితో మాట్లాడాను. ఆయనకు కోపం రాలేదు. "రే అనే మాటకు వంగడం అనే కాదు, మర్యాద అని కూడా అర్థం. మీ పిల్లవాడు నిలబడి, ఎదుటివాడి కళ్లలోకి చూసి, కాస్త తల వంచితే చాలు" అన్నారు. మరుసటి వారం నుంచి అందరికీ నిలబడి చేసే వందనమే పెట్టారు, మావాడు ఒక్కడే వేరుగా కనబడకుండా. ఫొటో ఉంది, కానీ ఇప్పుడు పిల్లలు ఒకరికెదురుగా ఒకరు నిలబడి వందనం చేసుకుంటారు.

భాయ్, మీరు కూడా వెళ్లి అడగండి. ఇక్కడ మేమెన్ని చెప్పినా, మీ ప్రశ్న విన్నప్పుడు ఆయన ముఖంలో కనబడేది మీకే తెలుస్తుంది.

గోధుమ బెల్టు, సూర్యాపేట:

ఆ అన్నదమ్ముల సంగతి చదివాక నా మొదటి మాటలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. మా డోజోలోనూ, అంటే మేం కరాటే నేర్చుకునే చోట, అలాంటి అబ్బాయి ఒకడు ఉండేవాడు. వాడు అందరికంటే వినయవంతుడని మేమంతా మెచ్చుకునేవాళ్లం. వాడికి వేరే దారి ఉందా అని ఎప్పుడూ ఆలోచించలేదు. అక్క మాట నిజం.

అయినా చీపురు తీసేయమంటే ఒప్పుకోను. మా డోజోలో తరగతి చివర ఐదు నియమాలు గట్టిగా చదువుతాం. శీలాన్ని తీర్చిదిద్దుకో, నిజాయితీగా ఉండు, శ్రమించు, మర్యాద పాటించు, ఆవేశపు హింసకు దూరంగా ఉండు. జపనీస్‌లో ఐదు వాక్యాలూ "హితోత్సు" అనే మొదలవుతాయి, అంటే "ఒకటి" అని. రెండు, మూడు అని ఉండవు, ఏదీ రెండోది కాదు కాబట్టి. ఊడ్చే పని కూడా అలాగే ఉండాలి. ఫీజు కట్టే ఇంటి పిల్లలకు చీపురు పట్టడం రాకపోతే, ఆ పని ఇంకొకరిదే అనుకుంటూ పెరుగుతారు. పట్టికను తీసేయకూడదు, ఇంకా గట్టిగా అమలు చేయాలి.

దేవరకొండ అక్క:

దీనికి ఒప్పుకుంటాను తమ్ముడూ. పట్టిక ఉంటే అది అందరినీ కట్టేయాలి. మంచితనం పేరుతో దాన్ని దాటే వీలు ఎవరికీ ఉండకూడదు, ముఖ్యంగా ఆ ఇద్దరికీ.

పానగల్లు నాన్న:

నిన్న వెళ్లి మాట్లాడాను. అన్నీ చెప్పాను, మా తాత సంగతి కూడా. మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వాళ్లు రావడం చూసి నేను సంతోషించాను, అదే నా తప్పు" అన్నారు. వంతు లేనివాళ్లు చీపురు ముట్టకూడదని పట్టిక కింద తన చేత్తోనే రాశారు. అమ్మాయిని మార్చడం లేదు. బెల్టు ఎప్పుడు ఇవ్వాలో ఆయనకే వదిలేశాను.

ఈ రోజు సోమవారం, మాస్టారి వంతు. పిల్లను దింపడానికి వెళ్లి కాసేపు ఆగాను. ఆ అన్నదమ్ములిద్దరూ ఎప్పటిలాగే అరగంట ముందే వచ్చారు. మాస్టారు ఊడుస్తున్నారు. వాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గోడ పక్కన నిలబడి చూస్తున్నారు. చిన్నవాడైతే ఏడుపు ముఖం పెట్టాడు. నేను ఏదో తప్పు చేశానా అనిపించింది.

దేవరకొండ అక్క:

తప్పు కాదు అన్నా. మాస్టారితో ఇంకొక్క మాట చెప్పండి. ఆ అరగంటలో పెద్ద బెల్టు పిల్లల్లో ఒకరిని ముందుగా రప్పించి, ఆ ఇద్దరికీ తర్వాతి కటా, అంటే వరుస కదలికల పాఠం, మొదలుపెట్టమనండి.