పని లేని బాధ అందరికీ ఒకటేనా?

నల్లగొండ_నైట్‌రీడర్:
అడ్డా కూలీకి పని దొరక్కపోతే ఆ పూటకే బాధ, డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నవాడికి మాత్రం మనసే చితికిపోతుంది. దీని మీద నిన్న మా రూమ్‌లో పెద్ద గొడవ. ఆ మాట అన్నది నేనే, నాదీ ఆ డిగ్రీవాళ్ల బాధే. 2022 అక్టోబరులో గ్రూప్‌-1 ప్రిలిమ్స్ రాశా, పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశా, కోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి. ‘ఏం చేస్తున్నావ్ బిడ్డా’ అంటారని దసరాకు కూడా ఊరెళ్లలేదు. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చున్నంతసేపే కాస్త ధైర్యం.

మేస్త్రి_కొడుకు:
‘ఆ పూటకే’నా అన్నా? మా నాయన ఇరవై ఏళ్లు అడ్డా మీద నిలబడ్డాడు. పొద్దున పది దాటాక సద్దిగిన్నె మూత తీయకుండా తిరిగొస్తే ఇంట్లో ఎవరం నోరెత్తేవాళ్లం కాదు. ఆ రాత్రి ఆయన తాగితే ‘అలవాటు’ అన్నారు. నీకు నిద్రపట్టకపోతే ‘డిప్రెషన్’ అంటారు.

సోషియాలజీ_టీచర్:
ఆస్ట్రియాలో మరియెంతాల్ అని ఒక ఊరు. మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంది. సామాజిక మనస్తత్వవేత్త మేరీ యహోదా, ఆమె తోటివాళ్లు అక్కడి జీవితాన్ని దగ్గరగా గమనించి 1933లో అచ్చేశారు. బోలెడంత తీరిక దొరికినా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గిపోయింది. మగవాళ్ల నడక నెమ్మదించింది, వీధిలో ఊరికే ఆగిపోయేవాళ్లు. ఆడవాళ్లకు ఆ తీరికా లేదు, ఇంటిచాకిరీ అలాగే ఉంది. చిక్కడపల్లిలోనేమో కుర్చీ దొరకదు! మీది పని పోయిన బాధ కాదు బాబూ, ఎదురుచూపు. రెండూ ఒకే గాటన కట్టకండి.

డల్లాస్_వదిన:
టీచర్ గారూ, ఆడవాళ్ల మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. పోయినేడు మావారి ఉద్యోగం పోయింది. హెచ్‌-1బీ వీసా కదా, ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి 60 రోజులే గడువు. అత్తయ్యకు తెలియకూడదని ఇస్త్రీ చొక్కా వేసుకుని వీడియో కాల్‌లో కూర్చునేవారు. ఆయన కోసం అందరూ టెన్షన్ పడ్డారు, నేనూ పడ్డాను. కానీ ఎంసీఏ చేసిన నేను హెచ్‌-4 (డిపెండెంట్ వీసా) మీద ఆరేళ్లుగా ఇంట్లోనే ఉన్నా. నన్ను నిరుద్యోగి అని కూడా ఎవరూ అనలేదు.

నల్లగొండ_నైట్‌రీడర్:
తమ్ముడూ, ‘ఆ పూటకే’ అన్నది తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. అయినా నా వాదన వదలను. మీ నాయనను పెళ్లిళ్లలో ‘ఇంకా ఖాళీయేనా’ అని ఎవరూ అడగరు కదా?

మేస్త్రి_కొడుకు:
అడగరన్నా. ఆ పెళ్లిళ్లకు మమ్మల్ని పిలిస్తే కదా.