ఆగస్టు 15కి బోటుకి జెండాలు ఎలా కట్టాలి?

వైజాగ్‌కుర్రాడు:
ఫిషింగ్ హార్బర్‌లో మా బాబాయి వాళ్ళ మరబోటు ఉంది, ఈసారి ఆగస్టు 15కి గట్టిగా డెకరేట్ చేద్దామంటున్నారు మావాళ్ళు, చిన్న చిన్న మూడురంగుల జెండాల దండలు మాస్ట్ (బోటు మీద నిలువు కొయ్య) మీంచి ముందుకీ వెనక్కీ లాగి, క్యాబిన్ పైన ఒక పెద్ద జెండా పరిచేసి... 2022లో ప్రెసిడెంట్ గారు ఫ్లీట్ రివ్యూకి (నేవీ షిప్పుల్ని వరసగా నిలిపి చూడ్డానికి) వచ్చినప్పుడు నేవీ షిప్పులకి కట్టారు కదా, అలా రావాలని ప్లాన్. ఇదంతా రూల్స్ ప్రకారం ఓకేనా? తెలిసినోళ్ళు చెప్పండి.

పాతసెయిలర్:
క్యాబిన్ మీద పరచడం మాత్రం వద్దు తమ్ముడూ. 2002 ఫ్లాగ్ కోడ్‌లో, అంటే జాతీయ జెండా వాడకం రూల్స్‌లో, బండి, రైలు, పడవ, విమానం పైన గానీ పక్కల గానీ వెనక గానీ జాతీయ జెండా కప్పకూడదని పడవ పేరెత్తి మరీ రాశారు. తోరణాల్లా గుచ్చడం కూడా కుదరదు. నేవీ షిప్పుల మీద నువ్వు చూసిన దండలు అసలు దేశం జెండాలే కావు, సిగ్నల్ జెండాలు, అక్షరాలకి 26, అంకెలకి 10, ఇంకో నాలుగు వేరే. ఒక్కోదానికి ఒక్కో అర్థం ఉంటుంది, ఎరుపూ పసుపూ ఐమూలగా ఉన్న జెండా ఒక్కటే ఎగరేస్తే మనిషి నీళ్ళలో పడ్డాడని. అందుకే దండలో కలగాపులగంగా కడతారు, ఏ మాటా రాకుండా.

గోదారిగట్టు:
దేశభక్తితో కట్టుకున్నా తప్పేనా బాబూ? ప్రతి ఆటో మీదా కడుతున్నారు, ఎవడు ఆపాడు

పాతసెయిలర్:
ఆపకపోవచ్చు, కానీ జెండాని అవమానించినట్టు తేలితే జాతీయ గౌరవాన్ని అవమానించకుండా తెచ్చిన 1971 చట్టం కింద 3 ఏళ్ళ దాకా జైలు ఉంది. అదలా ఉంచు, సముద్రం గాలికి చిన్న జెండాలు సాయంత్రానికే పీలికలై నీళ్ళలో తేలతాయి, నాకు చూడబుద్ధి కాదు. జెండా నీళ్ళలో ఈడ్చుకుపోకూడదని కూడా కోడ్‌లోనే ఉంది. నా సలహా అయితే మాస్ట్ కొసన మంచి జెండా ఒకటి, కాషాయం పైకి వచ్చేలా. దండలకి మామూలు రంగుగుడ్డలు వాడుకోండి, దండ ముడి మాత్రం జెండా కంటే కింద ఉండాలి. సంఘం జెండా, పార్టీ జెండా, గంగమ్మ జెండా ఏదైనా సరే ఆ కొయ్యకే కట్టొద్దు, వేరే కర్ర పెట్టి దానికంటే కిందగా కట్టుకోండి. పాలిస్టర్‌ది తీసుకోండి, 2021 డిసెంబర్‌లో పాలిస్టర్‌కి కూడా ఒప్పుకుంటూ రూలు మార్చారు కాబట్టి ఇబ్బంది లేదు, తడిసినా తొందరగా ఆరుతుంది. చిరిగితే సముద్రంలో పారేయకుండా తీసుకొచ్చి మొత్తంగా కాల్చేయాలి, అదీ నలుగురిలో కాదు.

వైజాగ్‌కుర్రాడు:
థాంక్స్ అన్నా, పరిచే ప్లాన్ క్యాన్సిల్. జెండా ఎగరేశాక బోట్లన్నీ కలిసి బయటికి రౌండ్ వేద్దామనుకుంటున్నాం, దండలు ఉంచొచ్చా?

పాతసెయిలర్:
షిప్పులకైతే లంగరు వేసినప్పుడో, జెట్టీకి కట్టినప్పుడో మాత్రమే కడతారు, పొద్దున్న 8 నుంచి సూర్యాస్తమయం దాకా. కదిలే ముందు దించేస్తారు. మీరూ దించేయండి, తాడు బోటు కింద ఫ్యాన్‌కి (ప్రొపెల్లర్‌కి) చుట్టుకుందంటే పండగ అక్కడే ఆగిపోద్ది.