గ్రహాంతర బుద్ధిజీవులు భూమికి ఎప్పుడైనా వచ్చారా? వస్తే ఆనవాలు ఎక్కడ?

ఆకాశగంగ:
ఈ విషయం మీద చర్చ మొదలైతే చాలాసార్లు ఒకే దారిలో పోతుంది. "పాలపుంతలోనే కనీసం పదివేల కోట్ల నక్షత్రాలున్నాయి, మనం ఒక్కళ్ళమే ఎలా ఉంటాం?" అని ఒకరు అంటారు. "అందుకే ఆ ఎగిరే పళ్ళాల వీడియోలు నిజం" అని పక్కనుంచి ఇంకొకరు అందుకుంటారు. మొదటి మాట ఒప్పుకున్నంత మాత్రాన రెండోది ఎలా రుజువవుతుందో నాకు అర్థం కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కడో ఒకచోట బుద్ధిజీవులు ఉండే అవకాశం గట్టిగానే ఉందని నమ్ముతాను. ఇక్కడికి వచ్చారనడానికి మాత్రం ఇప్పటిదాకా ఒక్క రుజువూ కనపడలేదు. సూర్యుడిలాంటి మరో నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని మొదటిసారి తేలింది 1995లో. ఇవాళ అలా దొరికిన గ్రహాల లెక్క 6,000 దాటింది. కాబట్టి గ్రహాలకు కొదవ లేదు. దూరమే సమస్య. మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నాసా పంపిన వ్యోమనౌక వాయేజర్ 1 సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ వేగంతో అంత దూరం వెళ్ళాలంటే 70 వేల ఏళ్ళు దాటుతుంది.

వచ్చారని నమ్మేవాళ్ళు తమ దగ్గరున్న అన్నిటికంటే గట్టి ఉదాహరణ ఒక్కటి చెప్పండి. పది వద్దు, ఒక్కటే. రాలేదనేవాళ్ళు ఏం చూపిస్తే ఒప్పుకుంటారో చెప్పండి.

గగనచారి:
ఒక్కటే అన్నారు కాబట్టి నిమిట్జ్ అనే అమెరికా విమానవాహక నౌక దళానికి ఎదురైన ఘటన చెబుతాను. 2004 నవంబర్, దక్షిణ కాలిఫోర్నియా తీరానికి దూరంగా సముద్రం మీద. ప్రిన్స్‌టన్ అనే యుద్ధనౌక రాడార్‌కు కొన్ని రోజులుగా వింత వస్తువులు తగులుతున్నాయి. చూసి రమ్మని రెండు ఫైటర్ విమానాలను పంపారు. కమాండర్ డేవిడ్ ఫ్రేవర్‌తో కలిపి రెండు విమానాల్లోని నలుగురూ తెల్లటి గొట్టంలాంటి వస్తువును కళ్ళారా చూశారు. సుమారు 40 అడుగుల పొడవు, రెక్కలు లేవు, వెనక పొగ లేదు. దగ్గరికి పోబోతే క్షణాల్లో మాయమైంది.

వీళ్ళు దారిన పోయేవాళ్ళు కాదు. ఆకాశంలో ఏది విమానమో ఏది కాదో గుర్తుపట్టడమే వాళ్ళ వృత్తి. ఆ ఘటనప్పుడు తీసిన వీడియో, మరో రెండు వీడియోలు అసలువేనని 2020 ఏప్రిల్‌లో అమెరికా రక్షణశాఖ పెంటగానే అధికారికంగా విడుదల చేసింది. 2021 జూన్‌లో అమెరికా గూఢచార విభాగం ఇచ్చిన నివేదికలో 144 ఘటనలుంటే గట్టిగా తేల్చింది ఒక్కటే, గాలి పోతున్న పెద్ద బెలూన్ అని. మిగతా 143 సంగతేంటి?

రాడార్‌కన్ను:
గగనచారి గారూ, ఆ మూడు వీడియోల్లో ఒకదాని పేరు గోఫాస్ట్. నీళ్ళ మీద ఏదో మహా వేగంతో దూసుకుపోతున్నట్టు ఉంటుంది. 2023లో నాసా నియమించిన నిపుణుల బృందం ఆ వీడియో తెర మీదున్న అంకెలనే తీసుకుని లెక్క వేసింది. వస్తువు నీళ్ళను ఆనుకుని లేదు, సుమారు 13,000 అడుగుల ఎత్తులో ఉంది. దాని వేగం గంటకు సుమారు 64 కిలోమీటర్లు, ఆ ఎత్తులో గాలి కొట్టుకుపోయే వేగమే. వేగంగా పోతున్నది కెమెరా మోస్తున్న విమానం. కింద సముద్రం వెనక్కి పరిగెడుతుంటే మధ్యలో ఉన్న వస్తువు దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. వీడియో అసలుదే అయినా, చూసిన కన్ను పొరబడవచ్చు.

తేలని కేసుల మాట కూడా కొత్తది కాదు. అమెరికా వైమానిక దళం బ్లూ బుక్ పేరుతో 1969 దాకా 12,618 ఘటనలు పరిశీలించింది. 701 తేలకుండా మిగిలాయి. తేలలేదంటే చేతిలో ఉన్న సమాచారం సరిపోలేదని అర్థం. అక్కడ గ్రహాంతర నౌకను ఇరికించడానికి ఆ ఖాళీ ఒక్కటే చాలదు.

ప్రభుత్వాలు దాచాయనే వాదన వస్తుందని తెలుసు, అందుకే ముందే చెబుతున్నా. అవును, దాచాయి. 1947లో అమెరికాలోని రాస్‌వెల్ దగ్గర పడిన, గ్రహాంతర నౌకవని కొందరు నమ్మే శకలాల గురించి చెప్పింది పూర్తి నిజం కాదని 1994లో వైమానిక దళమే ఒప్పుకుంది. అవి సోవియట్ అణు పరీక్షల శబ్దాన్ని పట్టడానికి ఎగరేసిన మోగుల్ అనే రహస్య ప్రాజెక్టు బెలూన్లు. 1950ల్లో మామూలు విమానాలు తిరిగే ఎత్తుకు రెట్టింపు పైన, 60 వేల అడుగుల మీద, యూ-2 గూఢచారి విమానాలు ఎగిరేవి. సాయంత్రం కింద చీకటి పడ్డాక కూడా పైన వాటి మీద ఎండ పడి మెరిసేవి. చూసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, ప్రభుత్వం నిజం చెప్పలేదు. రహస్యం అసలైనదే, కాకపోతే అది మనుషుల రహస్యం.

గగనచారి:
నేను నిమిట్జ్ అడిగితే మీరు గోఫాస్ట్‌కు జవాబు చెప్పారు. నలుగురు చూసినది, రాడార్ పట్టినది గాలికి కొట్టుకుపోయే వస్తువు కాదు. పైగా 2023 జులైలో డేవిడ్ గ్రష్ అనే మాజీ గూఢచార అధికారి అమెరికా కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి, ప్రభుత్వం దగ్గర మనుషులవి కాని నౌకల శకలాలున్నాయని చెప్పాడు. ఊరికే చెబుతాడా?

ఆకాశగంగ:
గ్రష్ చెప్పింది తాను కళ్ళారా చూసినది కాదండీ, ఇతరులు తనతో చెప్పినది. ప్రమాణం చేసినవాడు నిజాయితీపరుడే కావచ్చు, అతనికి చెప్పినవాళ్ళ మాట నిజమని దానివల్ల రుజువు కాదు. ఇదే విషయం పరిశీలించిన పెంటగాన్ కార్యాలయం 2024 మార్చిలో, అలాంటి ఆధారమేదీ దొరకలేదని నివేదిక ఇచ్చింది. పెంటగాన్ తన గురించి తానే ఇచ్చుకున్న నివేదికను ఎలా నమ్మాలని మీరు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

నిమిట్జ్ విషయంలో మీతో సగం దాకా వస్తాను. నాకూ అది తేలని కేసే. కానీ అందరూ చూసే వీడియో ఫ్రేవర్ తీసింది కాదు, ఆయన తిరిగొచ్చాక వెళ్ళిన మరో పైలట్ బృందం తీసింది. రెండూ ఒకే వస్తువు అనడానికి ఏమిటి హామీ? అసలు రాడార్ రికార్డులు బయట లేవు. అవి లేకుండా వేగమెంతో, దూరమెంతో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ఉల్కాశకలం:
ఏం చూపిస్తే ఒప్పుకుంటారని ఆకాశగంగ గారు అడిగారు కదా, దానికి జవాబు ఇస్తాను. వీడియోలు, సాక్ష్యాలు పక్కన పెట్టండి. నాకు ఒక్క ముక్క చాలు, ఇసుక రేణువంత అయినా సరే.

1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర ఒక ఉల్క పడింది. దాన్ని కరిగించి వెతికితే లోపల సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి. సైజు మైక్రాన్లలో ఉంటుంది, కంటికి ఆనవు. అవి సూర్యుడు పుట్టకముందే వేరే నక్షత్రాల దగ్గర తయారైనవి. వాటిలో కొన్నిటి వయసు 700 కోట్ల ఏళ్ళ దాకా ఉండొచ్చని 2020లో ప్రకటించారు. సూర్యుడి వయసు 460 కోట్ల ఏళ్ళే.

అవి బయటివని ఎలా తెలిసింది? ఐసోటోపుల వల్ల, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల వల్ల. మన సౌరకుటుంబంలో కార్బన్ 12, కార్బన్ 13ల నిష్పత్తి దాదాపు ఎక్కడ కొలిచినా 89 దగ్గర్లోనే ఉంటుంది, ఎందుకంటే మనమంతా ఒకే వాయుమేఘంలోంచి వచ్చాం. ఆ రేణువుల్లో అది పది కంటే తక్కువ నుంచి వేల దాకా మారుతుంది. వేరే నక్షత్రం కొలిమిలో వండిన పదార్థం తన పుట్టుకను దాచుకోలేదు. ఏ నాగరికత ఎంత తెలివైనదైనా, తన గ్రహం మీది లోహంతో చేసిన నౌకకు ఆ గ్రహపు ఐసోటోపులే ఉంటాయి.

రాస్‌వెల్ నౌకదని చాలా ఏళ్ళుగా చెబుతూ వచ్చిన ఒక మెగ్నీషియం మిశ్రలోహపు ముక్కను ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరీక్షించింది. 2024లో ఫలితం వచ్చింది. భూమి మీది లోహమే. ఈ పని చేయగలిగే యంత్రాలు ప్రపంచంలో చాలా ప్రయోగశాలల్లో ఉన్నాయి. నౌకలు కూలాయి, శకలాలు దాచారు అంటున్నప్పుడు, ఎనభై ఏళ్ళలో ఒక్క రేణువైనా ఒక్క ప్రయోగశాలకు చేరలేదా? నన్ను ఆపేది ఈ ప్రశ్నే.

పాతరాయి:
మరి పిరమిడ్ల సంగతి? అన్ని టన్నుల రాళ్ళు ఆ రోజుల్లో మనుషులు ఎత్తారంటే నమ్మశక్యంగా లేదు.

ఉల్కాశకలం:
పాతరాయి గారూ, ఆ పని చేసినవాళ్ళే రాసిపెట్టారు. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాడి అల్ జర్ఫ్‌లో పపైరస్ కాగితాలు దొరికాయి. మెరెర్ అనే పర్యవేక్షకుడు తన జట్టు తూరా గనుల్లోంచి సున్నపురాయిని పడవల మీద గీజాకు చేర్చిన వివరాలు రోజువారీగా రాసుకున్నాడు. గీజా పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫు రాజు కాలం నాటి రాత అది. కూలీల నివాసాలు, సమాధులు కూడా గీజాలోనే బయటపడ్డాయి. అంత కష్టపడినవాళ్ళ పనిని తీసుకెళ్ళి వేరెవరి ఖాతాలోనో వేస్తే నాకు బాధగా ఉంటుంది.

నీలిచుక్క:
మీరంతా 1947 నుంచే మాట్లాడుతున్నారు. ప్రశ్నలో "ఎప్పుడైనా" అని ఉంది. భూమి వాతావరణంలో ఆక్సిజన్ పోగవడం మొదలై సుమారు 240 కోట్ల ఏళ్ళు. అప్పటినుంచీ, దూరం నుంచి మన వాతావరణాన్ని పరిశీలించే ఎవరికైనా ఇక్కడ ప్రాణం ఉన్నట్టు అనుమానం వచ్చే వీలుంది. అంత కాలంలో మనిషి ఉన్నది ఎంత? మూడు లక్షల ఏళ్ళు. ఎవరైనా వచ్చి ఉంటే మనం లేనప్పుడు వచ్చే అవకాశమే చాలా ఎక్కువ. 1950లో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ "మరి వాళ్ళంతా ఎక్కడ?" అని అడిగింది కూడా ఈ లెక్క మీదే. నెమ్మదైన నౌకలతో అయినా పాలపుంతంతా వ్యాపించడానికి కొన్ని కోట్ల ఏళ్ళు చాలు. పాలపుంత వయసు వెయ్యి కోట్ల ఏళ్ళకు పైనే.

ఇక ఆనవాళ్ళంటారా, భూమి దేన్నీ మిగలనివ్వదు. సముద్రపు అడుగు దాదాపు అంతా 20 కోట్ల ఏళ్ళ లోపుదే, పాతది లోపలికి దిగిపోయి కరిగిపోయింది. నేల మీదున్నదాన్ని వానలు కోసేస్తాయి. కాబట్టి ఇక్కడ దొరకలేదు కనక రాలేదు అనడం తొందరపాటు.

చంద్రుడి మీద వెతకాలి. అక్కడ గాలి లేదు, వాన లేదు. అరుగుదల పది లక్షల ఏళ్ళకు మిల్లీమీటర్ లెక్కన ఉంటుంది. 2009 నుంచి ఎల్ఆర్ఓ అనే నాసా ఉపగ్రహం తీస్తున్న ఫొటోల్లో అపోలో యాత్రికులు నడిచిన దారులు కూడా కనిపిస్తున్నాయి. అంత స్పష్టమైన ఫొటోలు లక్షల్లో ఉన్నాయి. సహజం కానిదేదైనా ఉందేమో వాటన్నిటినీ కంప్యూటర్‌తో జల్లెడ పట్టాలి. పైలట్ల వీడియోల మీద వాదించుకునే సమయంలో ఈ పని చేస్తే నయం.

ఏకాకి:
ఆకాశగంగ గారు మొదట్లోనే "అవకాశం గట్టిగానే ఉంది" అన్నారు. దాన్నెవరూ ప్రశ్నించలేదు, అందుకే రాస్తున్నా. ఎక్కడినుంచి వచ్చింది ఆ గట్టితనం? నక్షత్రాల సంఖ్య పెద్దది, నిజమే. ప్రాణం పుట్టే అవకాశం ఎంత చిన్నదో తెలియనప్పుడు ఆ పెద్ద సంఖ్యతో ఏం చేస్తాం? భూమి మీద ప్రాణం తొందరగానే పుట్టింది, కనీసం 350 కోట్ల ఏళ్ళ క్రితం. ఆ తర్వాత చాలా కాలం ఏకకణ జీవులే. కేంద్రకం ఉన్న సంక్లిష్ట కణం ఇంత చరిత్రలో ఒకే వంశంగా పుట్టింది. మొక్కలూ, జంతువులూ, మనమూ అందరం దాని సంతానమే. రేడియో వాడటం నేర్చిన జాతి ఒక్కటే, అదీ నూట పాతికేళ్ళ నుంచే.

2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ముగ్గురు, పాలపుంతలో ఎన్ని నాగరికతలుండొచ్చో అంచనా వేసే 1961 నాటి డ్రేక్ సమీకరణంలో తెలియని అంకెలకు ఒక్కో అంచనా బదులు మొత్తం అనిశ్చితిని పెట్టి లెక్క కట్టారు. పాలపుంతలో మనం ఒక్కళ్ళమే అయ్యే అవకాశం సగానికి పైనే వచ్చింది. వాళ్ళెందుకు రాలేదని ఇంతమంది తల బద్దలుకొట్టుకుంటున్నారు. అసలు వాళ్ళు లేకపోవచ్చు.

ఆకాశగంగ:
ఏకాకి గారూ, ఆ లెక్క చూశాను. అది చెప్పేది మన అజ్ఞానం ఎంత పెద్దదో. ఎవరూ లేరని రుజువు చేయదు. పైగా మీరన్నది పాలపుంత ఒక్కదాని గురించే, నేనన్నది విశ్వం మొత్తం గురించి. నా మాట మీదే ఉన్నాను.

నిశ్శబ్దం గురించి కూడా ఒక మాట. 1960లో ఫ్రాంక్ డ్రేక్ గ్రీన్ బ్యాంక్ టెలిస్కోప్‌ను రెండు నక్షత్రాల వైపు తిప్పి విన్నప్పటినుంచీ వెతుకుతున్నాం కదా, ఏమీ దొరకలేదేం అంటారు చాలామంది. అప్పటిదాకా వెతికినది ఎంతో 2018లో ఒక బృందం అంచనా కట్టింది. భూమి మీది సముద్రాలన్నీ వెతకాల్సి ఉంటే మనం చూసింది ఒక చిన్న ఈతకొలనులో పట్టే నీళ్ళు. దాన్ని బట్టి చేపలు లేవని ఎలా అంటాం?

ఆ వెతుకుతున్నవాళ్ళ పద్ధతి అంటే నాకు చాలా గౌరవం. 1967లో రేడియో ఖగోళ పరిశోధకురాలు జోసెలిన్ బెల్‌కు 1.33 సెకన్లకొకసారి కొట్టుకునే సిగ్నల్ దొరికితే, "చిన్ని ఆకుపచ్చ మనుషులు" అని సరదాగా పేరు పెట్టినా, వెంటనే ప్రకటించలేదు. వేరే దిక్కున అలాంటిదే ఇంకోటి వెతికి పట్టుకున్నారు. పల్సర్లనే కొత్తరకం నక్షత్రాలు బయటపడ్డాయి. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌ను ఏళ్ళ తరబడి వేధించిన వింత సిగ్నల్స్ అక్కడి మైక్రోవేవ్ ఓవెన్ తలుపు మధ్యలో తెరవడం వల్ల వస్తున్నాయని 2015లో అక్కడివాళ్ళే తేల్చారు. 1977 నాటి 72 సెకన్ల "వావ్" రేడియో సిగ్నల్ మళ్ళీ వినపడలేదు కాబట్టి ఇప్పటికీ దాన్ని సందేశమని అనడం లేదు. నిమిట్జ్‌కు కూడా ఇదే కొలత పెడదాం అంటున్నాను.

గగనచారి:
పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ కొలత పెట్టాలంటే డేటా కావాలి కదా. రాడార్ రికార్డులు బయటపెట్టకుండా "రుజువు లేదు" అనడం న్యాయం కాదు. పైలట్లు చూసినదాన్ని చెబితే ఉద్యోగానికి ఇబ్బంది అని భయపడే పరిస్థితి ఉండేది. నాసా నివేదిక కూడా ఆ చిన్నచూపు పోవాలనే రాసింది. ఆ భయం పోయేదాకా మీ లెక్కలో సాక్ష్యాలు తక్కువగానే ఉంటాయి. వచ్చారనే నా నమ్మకం నాది.

రాడార్‌కన్ను:
రికార్డులు విడుదల చేయాలన్న దగ్గర మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పైలట్ల మాట వినాలన్న దగ్గర కూడా. గగనతలంలో గుర్తుతెలియని వస్తువు ఉందంటే అది డ్రోన్ అయినా ప్రమాదమే.

ఉల్కాశకలం:
ఒక కబురు చెప్పాలి. వేరే నక్షత్రాల దగ్గరనుంచి కచ్చితంగా వచ్చి మన సౌరకుటుంబం గుండా పోతూ కనిపించిన వస్తువులు ఇప్పటికి మూడు: 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్, 2025 జులైలో అట్లాస్. మొదటిదాన్ని కృత్రిమమేమో అని హార్వర్డ్ ఖగోళ శాస్త్రవేత్త అవీ లోబ్ అన్నారు, ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఐరోపా వాళ్ళ కామెట్ ఇంటర్‌సెప్టర్ అనే వ్యోమనౌకను ముందే అంతరిక్షంలో నిలిపి ఉంచి, సరైన తోకచుక్క కనిపించగానే దాని పక్కనుంచి పంపాలని ప్రణాళిక. దారి కలిసొస్తే అది నక్షత్రాంతర అతిథి కూడా కావచ్చు. నీలిచుక్క గారూ, ఆ చంద్రుడి ఫొటోలు అందరికీ తెరిచే ఉన్నాయి. జల్లెడ పట్టే ప్రోగ్రామ్ రాయగలిగేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? అపోలో దిగిన చోట్లతోనే పరీక్ష మొదలుపెట్టొచ్చు. మనకు తెలిసిన వస్తువులను అది పట్టగలిగితే తర్వాత మిగతా నేల మీదికి వదలొచ్చు.