మీటింగ్ టైమ్ టూల్‌కి వదిలేయాలా, మనమే అడిగి పెట్టాలా?

ప్రాజెక్ట్ లీడ్, హైదరాబాద్:
మా టీమ్‌లో సగం మంది ఇక్కడ, కొందరు న్యూజెర్సీ, ఇద్దరు లండన్. ఇన్నాళ్లూ అందరికీ మెసేజ్ పెట్టి, కనుక్కుని టైమ్ నేనే ఫిక్స్ చేసేదాన్ని, దానికే పూటంతా పోయేది. ఇప్పుడు మేనేజర్ అన్నీ ఔట్‌లుక్ షెడ్యూలింగ్ అసిస్టెంట్‌లో చూసి పెట్టేయమంటున్నారు. అందులో ఎవరి క్యాలెండర్ ఎప్పుడు ఖాళీనో కనిపిస్తుంది సరే, సాయంత్రం 7కి ఆఫీస్ క్యాబ్‌లో ఉండే అమ్మాయి క్యాలెండర్ కూడా ఖాళీగానే ఉంటుంది కదండీ? మీ దగ్గర ఏవి టూల్‌కి వదిలేస్తున్నారు?

టెస్టింగ్ లీడ్:
ముందు ఆ క్యాబ్ టైమ్‌ని క్యాలెండర్‌లో బ్లాక్ చేయించండి. వర్కింగ్ అవర్స్ కూడా ఎవరివి వాళ్లు సెట్ చేసుకోవాలి. అవి లేకుండా టూల్‌ని తిట్టి లాభం లేదు. ఇద్దరు ముగ్గురు ఉండే లోపలి మీటింగ్‌లకి మేం అసలు ఎవర్నీ అడగం.

న్యూజెర్సీ నుంచి:
నేను మాత్రం రోజూ జరిగే కాల్స్ విషయంలో జాగ్రత్త అంటాను. ఇక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుగుతుంది, నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి. మాకు ఉదయం 9 అంటే ఎండాకాలంలో మీకు సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఇన్వైట్ ఇక్కడి టైమ్‌తో పెడితే మారేది మీ సాయంత్రం టైమ్, హైదరాబాద్ టైమ్‌తో పెడితే మా ఉదయం టైమ్. లండన్‌లో మారేది మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల్లో, అందుకే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ చివర ఒక వారం మాకూ వాళ్లకీ తేడా 5 గంటలు కాదు, 4. టూల్ లెక్క తప్పదు, కానీ మారిన టైమ్ మీకు కుదురుతుందా అని అడగదు. ఏడాదికి ఆ రెండుసార్లు మనిషే కూర్చుని అందర్నీ అడగాలి.

ప్రాజెక్ట్ లీడ్, హైదరాబాద్:
అవునండీ, నవంబర్ రాగానే మాకు గొడవ మొదలయ్యేది అక్కడే. మరి ఎప్పుడూ మావాళ్లే రాత్రి దాకా కూర్చోవాలా?

బ్యాకెండ్, గచ్చిబౌలి:
అక్కర్లేదు. మా క్లయింట్ కాలిఫోర్నియా. వాళ్లకి ఉదయం 9 అంటే ఎండాకాలంలోనే మాకు రాత్రి 9:30, అందుకే ఒక వారం అలా, ఇంకో వారం మాకు ఉదయం 7:30కి పెట్టమని అడిగాం. వాళ్లకి అది ముందురోజు రాత్రి 7, ఒప్పుకున్నారు. పోయినసారి ఎవరు సర్దుకున్నారో ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు, అది మీరే గుర్తుపెట్టుకుని గట్టిగా అడగాలి. సంక్రాంతి, ఉగాది సెలవులు కూడా ముందే అందరి క్యాలెండర్లలో వేయించండి, లేకపోతే అవి అవతలివాళ్లకి కనిపించవు.

హెచ్‌ఆర్‌లో పని చేస్తాను:
ఒక్క మాట. "మనమే అడిగి పెట్టడం" అనగానే ప్రతి టీమ్‌లో ఆ పని ఒకే మనిషి మీద పడుతుంది, చాలాసార్లు ఆడవాళ్ల మీదే, పైగా అప్రైజల్‌లో దానికి లెక్క ఉండదు. అందుకే రోజువారీవి టూల్‌కే వదిలేయండి. అడిగి పెట్టాల్సినవి నెలకొకరు చొప్పున, మగవాళ్లతో సహా, వంతులు వేసుకోండి. ఈ విషయం మీ మేనేజర్‌తో ఈ వారమే మాట్లాడండి.