మా కుక్కపిల్లకి ఇదే మొదటి మంచు, ఆడి వచ్చాక కుంటుతోంది. ఏం చేయాలి?

బూరె వాళ్ళ నాన్న:
మేం అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ దగ్గర ఉంటాం. మా లాబ్రడార్‌కి ఎనిమిది నెలలు, రంగు చూసి పాప బూరె అని పేరు పెట్టింది. మొన్న రాత్రి అడుగు మందాన మంచు పడింది. పొద్దున తలుపు తీస్తే బూరె గడప దగ్గరే ఆగి, ఒక కాలు పెట్టి తీసేసి, నేలని నేనే ఏదో చేసినట్టు నా మొహంలోకి చూసింది. పాప ఒక మంచు ముద్ద విసిరింది, అంతే, ఇంక పట్టుకోలేకపోయాం! ముద్ద పడ్డచోటే మాయమైపోతుంది కదా, అది ఎక్కడికి పోయిందో తేల్చుకోవాలని మూతి లోపలికి దూర్చి తవ్వుతూనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్క ఒక్కో కాలూ ఎత్తుతూ ఎత్తుతూ చివరికి కూర్చుండిపోయింది. 25 కిలోలు, మోసుకొచ్చాను. వేళ్ళ మధ్య గోలీల్లా మంచు ఉండలు. ఇప్పటికీ పాదాలు నాకుతూనే ఉంది, టెన్షన్‌గా ఉంది.

మాది నర్సీపట్నం వైపు. మా చిన్నప్పుడు కుక్కకి చలి సమస్యే లేదు, చలిమంట ఆరాక ఆ వెచ్చటి బూడిదలో ముడుచుకుని పడుకునేది, పొద్దున్నే అదే బూడిదతో నా దుప్పట్లో దూరేది, తిట్లు నాకు పడేవి.

ఎడ్మంటన్ వదిన:
అది చలి కాదు తమ్ముడూ, ఉప్పు అయ్యుంటుంది. ఐసు కరగడానికి కాలిబాటల మీద చల్లుతారు కదా, అది పాదాల కింద మంట పెడుతుంది, నాకితే కడుపులోకి పోతుంది. ముందు గోరువెచ్చని నీళ్ళతో నాలుగు పాదాలూ కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవండి. ఉండలు చేత్తో పీకొద్దు, వెంట్రుకలతో సహా వస్తాయి, అదే నీళ్ళలో కరగనివ్వండి. వేళ్ళ మధ్య బొచ్చు కత్తిరించి, బయటికెళ్ళే ముందు కాస్త వాజెలిన్ రాయండి. బూట్లయితే మొదట ఇంట్లో వేసి అలవాటు చేయాలి, మావాడు మొదటిరోజు గుర్రంలా నడిచాడు, నవ్వలేక చచ్చాం. కడిగాక కూడా రేపటికి కుంటుతుంటే డాక్టర్‌కి చూపించండి.

ఇంకోటి, గరాజ్‌లో కారు యాంటీఫ్రీజ్ (ఇంజిన్ నీళ్ళు గడ్డకట్టకుండా కలిపే ద్రవం) కారిందేమో చూడండి. తియ్యగా ఉంటుందని నాకేస్తాయి, కొంచెమైనా కిడ్నీలు పోతాయి. నాకిందని అనుమానం వచ్చినా ఆగకుండా డాక్టర్ దగ్గరికే.

పాత మిన్నెసోటా మనిషి:
వదినగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను చెప్పేది చెరువుల గురించి. గడ్డకట్టింది కదా అని కుక్కని వదిలేయకండి, కొత్తగా కట్టిన గట్టి ఐసు కనీసం 4 అంగుళాలు ఉంటేనే మనిషి నడవాలని ఇక్కడి లెక్క, అదీ ఒకచోట ఉన్న మందం ఇంకోచోట ఉండదు. కుక్క పడిందని వెనకే దూకినవాళ్ళే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

నేను చదువుకోడానికి వచ్చిన ఏడాదే, 1991లో, హాలోవీన్ రోజు మొదలైన తుఫానుకి మినియాపొలిస్‌లో 28.4 అంగుళాల మంచు పడింది. మంచు చూడటమే మొదటిసారి, అదీ మోకాళ్ళ పైదాకా! మా ఇంటి ఓనరు ముసలాయన పార పట్టుకుని దారి చేస్తుంటే, ఆయన కుక్క వెనకనించి ఆ దారినే మళ్ళీ పూడ్చేసేది.

చింతపల్లి కాఫీ:
మీ మంచు వేరు, మా మంచు వేరు అన్నా 😀 లంబసింగిలో మంచు అంటే పొగమంచు, పది అడుగుల్లో మనిషి కనబడడు. బాగా చలేసిన రోజు గడ్డి మీద మాత్రం ఉప్పు జల్లినట్టు తెల్లగా పేరుకుంటుంది. వీకెండ్‌కి వచ్చే టూరిస్టులు దాన్ని గోకి ఫొటోలు తీసుకుంటారు, మా కుక్కలు వాళ్ళ చలిమంటల దగ్గర చేరతాయి. బూడిదలో పడుకోవడం ఇప్పటికీ ఉంది, తెల్లకుక్క ఏదో నల్లకుక్క ఏదో మధ్యాహ్నం దాకా తెలీదు.

బూరె వాళ్ళ నాన్న:
కడిగాను వదినా, అరగంటలో నాకడం ఆపేసింది. ఉప్పే. ఇప్పుడు హీటర్ గాలి వచ్చే జల్లెడ కనిపెట్టి దాన్ని పూర్తిగా మూసేసి పడుకుంది, ఇల్లంతా చల్లబడిపోతోంది. పాప లేపనివ్వడం లేదు, మేం స్వెట్టర్లు వేసుకున్నాం.