లైవ్ రికార్డింగ్ మీద ఇంట్లో ఓవర్‌డబ్: తక్కువ ఖర్చులో ఏం కొనాలి?

తీగమీద
మిక్సర్ నుంచి తీసిన స్టీరియో ఫైల్ (48 కిలోహెర్ట్జ్, 24 బిట్) ఉంది. అదే కచేరీకి హాలు వెనక పెట్టిన చేతి రికార్డర్ ఫైల్ కూడా ఉంది. మొత్తం గంటన్నర. మిక్సర్ ఫైల్లో గాత్రం, కీబోర్డు, డ్రమ్స్ బాగున్నాయి. ఎకూస్టిక్ గిటార్ లీలగా వినిపిస్తోంది. బేస్ గిటార్‌ను మిక్సర్‌కు ఇవ్వలేదు కాబట్టి అసలు లేదు. ఈ రెండూ, వీలైతే వయొలిన్ కూడా ఇంట్లో వాయించి కలపాలి. విండోస్ ల్యాప్‌టాప్, మామూలు గది. యూఎస్‌బీ మైకు ఒక్కటి సరిపోతుందా? క్లిక్ (వేగం చెప్పే మెట్రోనోమ్ దెబ్బ) లేకుండా వాయించిన పాటలు, దానికేం చేయాలి?

రెండోతీగ
యూఎస్‌బీ మైకు వద్దండి. బేస్ వైరు పెట్టే చోటే ఉండదు. పైగా పాటను ల్యాప్‌టాప్ జాక్‌లోంచి వింటూ యూఎస్‌బీ మైకుతో రికార్డు చేస్తే రెండూ వేర్వేరు క్లాక్‌ల (యంత్రం లోపలి గడియారాల) మీద నడుస్తాయి. మొదట్లో కలిసిన వాయింపు పోనుపోను జారుతుంది. వినడం, రికార్డు చేయడం ఒకే పెట్టెలోంచి జరగాలి.

ఆ పెట్టే ఆడియో ఇంటర్‌ఫేస్: మైకును, వాయిద్యాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపేది. అందులో చూడాల్సినవి: 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకుకు కావాల్సిన కరెంటు), గిటార్ నేరుగా పెట్టుకునే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్, డైరెక్ట్ మానిటర్ బటన్ (మీ వాయింపును ల్యాప్‌టాప్ చుట్టూ తిప్పకుండా నేరుగా వినిపించేది), కంపెనీ సొంత ఆసియో డ్రైవర్ (విండోస్‌లో ఆలస్యం తగ్గించేది). బెహ్రింజర్ యూఎంసీ202హెచ్‌డీ, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 రెండింటిలోనూ ఇవి ఉన్నాయి. పాతది కొంటే మీ విండోస్‌కు డ్రైవర్ దొరుకుతోందో లేదో ముందే చూసుకోండి. ఎక్కువ ఇన్‌పుట్లకు ఖర్చు పెట్టొద్దు, ఒక్కో వాయిద్యమే కదా ఎక్కించేది.

మైకు: చిన్న డయాఫ్రమ్ కార్డియాయిడ్ (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) కండెన్సర్ ఒకటి చాలు. గిటార్‌కు 12వ ఫ్రెట్ ఎదురుగా 25–30 సెం.మీ. దూరంలో పెట్టండి. సౌండ్ హోల్‌కు ఎదురుగా పెడితే కింది స్వరాలు బుంయ్‌మని మిగతావాటిని మింగేస్తాయి. వయొలిన్‌కు పైనుంచి, అర మీటరు తగ్గకుండా. దగ్గరైతే కమాను గీరుడే వినిపిస్తుంది. బయటి చప్పుడు ఆగకపోతే షూర్ ఎస్ఎం57 లాంటి డైనమిక్ (కండెన్సర్ కంటే తక్కువ సున్నితమైన) మైకు వాడొచ్చు. కానీ డైనమిక్ అయినంత మాత్రాన చప్పుడు పోదు, దగ్గరగా పెట్టి వాయిస్తేనే తగ్గుతుంది. గెయిన్ (మైకు సిగ్నల్‌ను పెంచే నాబ్) కూడా బాగా పెంచాలి, మెత్తని వయొలిన్‌లో హిస్ (స్‌స్‌మనే చప్పుడు) తేలుతుంది.

హెడ్‌ఫోన్స్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉండి శబ్దం బయటికి పోనివ్వనివి) తప్పనిసరి: సోనీ ఎండీఆర్-7506, సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో లాంటివి. లీకైన పాట మైకులో పడితే మీ గిటార్ పెంచినప్పుడల్లా పాత గాత్రం కూడా పైకొస్తుంది. దాన్ని తర్వాత తీయలేం.

నాబ్‌తిప్పు
పైదానికి అదనంగా, వాయించే ముందు చూసుకోవాల్సినవి.

ప్రాజెక్టును 48 కిలోహెర్ట్జ్‌లోనే తెరవండి. 44.1లో తెరిచినప్పుడు సాఫ్ట్‌వేర్ మార్చకుండా ప్లే చేస్తే పాట నెమ్మదించి, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ దిగిపోతుంది. తర్వాత, కీబోర్డు ఒంటరిగా పలికే చోటు ట్యూనర్‌తో చూసి మీ తీగలను దానికే కలపండి. రికార్డింగ్ శ్రుతిని లాగి మార్చొద్దు, గాత్రం పాడవుతుంది.

రెండు ఫైళ్లు వేర్వేరు యంత్రాలవి, కాబట్టి మొదట్లో కలిపినా చివర్లో కలవవు. క్లాక్‌ల తేడా మిలియన్‌కు 50 ఉన్నా నిమిషానికి 3 మిల్లీసెకన్లు, గంటకు 180. గంటన్నర ఒకేసారి సరిచేయాలని చూడకుండా పాటపాటకూ కోసి విడిగా కలపండి.

ఇంటర్‌ఫేస్ వచ్చాక లూప్‌బ్యాక్ పరీక్ష చేయండి. అవుట్‌పుట్ 1 నుంచి ఇన్‌పుట్ 1కి వైరు పెట్టండి. డైరెక్ట్ మానిటర్, ట్రాక్ మానిటర్ (సాఫ్ట్‌వేర్ గుండా తిరిగి వినిపించేది) రెండూ ఆపండి, లేకపోతే కూత పెడుతుంది. ఒక క్లిక్ ప్లే చేసి కొత్త ట్రాక్‌లో రికార్డు చేసి, జూమ్ చేసి రెండింటి తేడా కొలవండి. 48 శాంపిళ్లంటే 1 మిల్లీసెకను. తేడా ఉంటే రీపర్‌లో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) రికార్డింగ్ సెట్టింగుల్లో మాన్యువల్ ఆఫ్‌సెట్ ఇచ్చి మళ్లీ పరీక్షించండి. బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కోసారి తీసుకునే శబ్దపు ముక్క సైజు) మార్చినప్పుడు ఇంకోసారి. చాలామంది "నాకు లయ తప్పుతోంది" అనుకునేది నిజానికి ఈ తేడానే.

రికార్డు చేసేటప్పుడు డైరెక్ట్ మానిటర్ పెట్టి, ఆ ట్రాక్ మానిటర్ ఆపండి. రెండూ ఉంటే మీ వాయింపు మీకే జంటగా, బోలుగా వినిపిస్తుంది. గెయిన్: గట్టిగా వాయించినా −12 డీబీ దాటొద్దు.

తీగమీద
అర్థమైంది, ఇంటర్‌ఫేసే తీసుకుంటా. క్లిక్ సంగతి? లీలగా ఉన్న పాత గిటార్‌ను ఏం చేయాలి?

హాలుధ్వని
టెంపో మ్యాప్ (పాట వేగం ఎక్కడెక్కడ మారిందో చూపే గీత) గీయక్కర్లేదు. హెడ్‌ఫోన్స్‌లో కిక్, స్నేర్ పౌనఃపున్యాలు కాస్త పెంచుకుని డ్రమ్మర్‌నే పట్టుకోండి. పాట ఒక్కసారిగా మొదలయ్యే చోట మాత్రం, మొదటి ఆవర్తనం వేగానికి సరిపడా నాలుగు కౌంట్ దెబ్బలు ఆరంభానికి ముందు పెట్టుకోండి. బేస్ ముందు ఎక్కించండి, గిటార్ తర్వాత. బేస్ కిక్‌తో కుదిరాక మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

పాత గిటార్ స్టీరియోలో కలిసిపోయింది, ఈక్వలైజర్‌తో పోదు. అదే స్ట్రమ్మింగ్ వాయిస్తే కింద దాగిపోతుంది. వేరేలా వాయిస్తే రెండు గిటార్లు పోట్లాడుతున్నట్టుంటుంది. డెమక్స్ అనే ఉచిత పరికరంతో విడగొట్టొచ్చు, కానీ డ్రమ్స్ తాళాల (సింబల్స్) చప్పుడు నీళ్లలో తడిసినట్టవుతుంది. గత్యంతరం లేకపోతేనే వాడండి.

మిక్సింగ్‌లో కొత్త వాయిద్యం పొడిగా, పాట మీద అతికించినట్టు ఉంటుంది. హాలు రికార్డర్ ఫైల్‌ను తక్కువ స్థాయిలో కింద కలపండి. అది స్టేజీకి 20 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం దాదాపు 58 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరింది, 40 మిల్లీసెకన్ల దాకా ముందుకు జరపండి. పూర్తిగా కలిపేస్తే హాలు లోతు పోతుంది. మీ గిటార్‌కు ఆ హాలును పోలిన రివర్బ్ (ప్రతిధ్వని) పెట్టి, 100 హెర్ట్జ్ కింద కోయండి. బేస్‌కు రివర్బ్ వద్దు. చప్పట్ల మీదుగా సాగే చివరి తీగనాదాన్ని కోయకుండా వదలండి, అతుకు అక్కడే బయటపడుతుంది.