అప్‌డేట్: హనుమకొండ ఫ్లాట్ బాత్రూమ్ బడ్జెట్

8×5 అడుగుల బాత్రూమ్‌లో పాత టైల్స్ తీసి కొత్తవి వేయడానికి మేస్త్రి చెప్పిన గుత్త రేటు సరైనదేనా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టు పని విడివిడిగా రాయించాక లెక్క తేలింది.

నేల 40 చదరపు అడుగులు. గోడలు 7 అడుగుల ఎత్తుకు 182, తలుపుకు 17 తీసేస్తే 165. మొత్తం 205, కోతలు, పగుళ్లకు పది శాతం కలిపి సుమారు 225 చదరపు అడుగుల టైల్స్ చాలు. ఆయన 280 రాశాడు.

అసలు లోటు వాటర్‌ప్రూఫింగ్‌ది, అంచనాలో అది లేనే లేదు! లీకేజీ ఎక్కువగా నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ) చుట్టూ, గోడా నేలా కలిసే మూలల్లో మొదలవుతుంది. అక్కడ ముందు మూలలు గుండ్రంగా పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ పూత రెండుసార్లు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేయించాలి. ఆరాక 48 గంటలు నీళ్లు నిలిపి, కింది ఫ్లాట్ సీలింగ్ చూశాకే టైల్స్. పాత టైల్స్ ముక్కలు తీసుకెళ్లే ట్రాక్టర్ కిరాయి కూడా విడిగా రాయించాను.